నీరు తిరిగే వేళకు: సేలిష్ సముద్రంలో పది రోజులు

మొదటి రోజు, శ్రావణ బహుళ పంచమి

సియాటిల్ నగరపు వాయవ్య అంచున ఉన్న షిల్‌షోల్ బే మెరీనాలో మా పడవ ఉంటుంది. పొడవు 34 అడుగులు, ఒకే తెరచాప కొయ్య, 1980లలో కట్టిన ఫైబర్ పడవ. దాని కీల్, అంటే అడుగున ఉండే బరువైన రెక్క, నీటి కింద అయిదున్నర అడుగుల లోతుకు దిగి ఉంటుంది. సెలవులు కూడబెట్టుకుని ప్రతి ఆగస్టులో మూడు వారాలు మావారూ నేనూ ఇందులోనే కాపురం ఉంటాము. ఈసారి ఉత్తరంగా సాగి, కెనడా తీరంలోని డెసొలేషన్ సౌండ్ దాకా వెళ్లాలని నిరుటి నుంచి అనుకుంటున్నాము.

బయలుదేరే రోజును నేను తిథి చూసి పెట్టాను. అది శుభాశుభాల కోసం చూసింది కాదు. మా పుట్టిల్లు కోరంగి దగ్గర. అక్కడి చేపల వేటగాళ్లు ఆటు నీటితో సముద్రానికి దిగి, పోటు నీటితో ఏటిలోకి తిరిగి రావడం చూస్తూ పెరిగాను. అమావాస్యకూ పౌర్ణమికీ పోటు పొంగుతుందనీ, అష్టమి నాటికి మెత్తబడుతుందనీ మా ఇంట్లో బడి చదువు లేని వాళ్లకు కూడా తెలుసు. సూర్యచంద్రులు ఒకే వరుసలో ఉన్నప్పుడు వారి ఆకర్షణలు కలుస్తాయి, ఒకరికొకరు అడ్డంగా ఉన్నప్పుడు చాలా వరకు తగ్గించుకుంటాయి. ఆ ప్రభావం నీటిలో ఒకటి రెండు రోజులు ఆలస్యంగా కనిపిస్తుంది. మా దారిలో ఉన్న అతి ఇరుకైన జలసంధిని దశమి నాడు దాటేలా లెక్క వేసుకుంటే, బయలుదేరవలసిన రోజు బహుళ పంచమి అయింది. మావారిది హనుమకొండ. సముద్రం ఆయనకు నలభై ఏళ్లు దాటాక పరిచయమైంది గాని, ఇంజిన్లూ తాళ్లూ తెరచాపలూ ఆయనకు నాకంటే బాగా మాట వింటాయి. చుక్కానీ, ప్రవాహాల పట్టికలూ నావి.

షిల్‌షోల్ నుంచి పోర్ట్ టౌన్సెండ్‌కు 30 నాటికల్ మైళ్లకు పైగా దూరం. సియాటిల్ ఒడ్డున ఉన్న పుగెట్ సౌండ్ అనే సముద్రపు పాయలోని నీరు దాదాపు అంతా అడ్మిరల్టీ ఇన్లెట్ అనే ఒక్క పెద్ద ద్వారం గుండా బయటికి పోయి లోపలికి వస్తుంది కాబట్టి, ఆటు మొదలైన గంటకు కట్లు విప్పాము. గాలి పలుచగా ఉన్నా, నీరే మమ్మల్ని మోసుకుపోయింది. ఎడ్మండ్స్, కింగ్‌స్టన్ మధ్య తిరిగే ఫెర్రీలకు దారి ఇస్తూ, 1879లో కట్టిన పాయింట్ నో పాయింట్ దీపస్తంభాన్ని దాటి, మధ్యాహ్నానికి పోర్ట్ టౌన్సెండ్ చేరాము. రైలు మార్గం తమ ఊరికే వస్తుందన్న నమ్మకంతో 1880లలో ఇక్కడ రాతి మేడలూ ఇటుక మేడలూ కట్టారు. రైలు రాలేదు, డబ్బు పోయింది, కూల్చి కొత్తవి కట్టే స్తోమత లేక ఆ మేడలు అలాగే మిగిలాయి. ఈనాడు చెక్క పడవలు కట్టే పనివాళ్లకు ఈ ఊరు పెట్టింది పేరు. 1977 నుంచి సెప్టెంబరులో చెక్క పడవల ఉత్సవం జరుగుతోంది.

రెండవ రోజు

హువాన్ డి ఫూకా జలసంధిని దాటే రోజు. పసిఫిక్ మహాసముద్రం నుంచి నేరుగా లోపలికి వచ్చే ఈ వెడల్పాటి దారిలో, వేసవి మధ్యాహ్నాలలో పడమటి గాలి విపరీతంగా లేస్తుంది. లోతట్టు భూమి ఎండకు వేడెక్కి గాలి పైకి లేచిన కొద్దీ, చల్లని సముద్రపు గాలి ఈ ద్వారం గుండా దూసుకు వస్తుంది. ఆ గాలికి ఎదురుగా ఆటు నీరు పోతుంటే, పాయింట్ విల్సన్ దగ్గర అలలు గోడల్లా నిలబడతాయి. అందువల్ల తెల్లవారుజామున, ఆటు చివరి దశలో బయలుదేరాము.

గాలి లేదు గాని పొగమంచు ఉంది. ఆగస్టులో ఇది ఇక్కడ మామూలే. పడవ ముందు భాగం కనిపిస్తుంది, దాని ముందర ఏమీ కనిపించదు. రాడార్ తెర మీద ఒక కంటైనర్ ఓడ మచ్చలా కదులుతూ ఉంటే, ఓడల రాకపోకలను నియంత్రించే కేంద్రంతో దాని కెప్టెన్ మాట్లాడుతున్న మాటలు రేడియోలో వింటూ, ఓడల దారిని అడ్డంగా, వీలైనంత త్వరగా దాటాము. రెండు నిమిషాలకొకసారి మావారు బూర ఊదుతూనే ఉన్నారు. ఆ రెండు గంటలలో మేము మాట్లాడుకున్న మాటలు పదికి మించవు. స్మిత్ ద్వీపం దాటాక మంచు ఒక్కసారిగా విడిపోయి, శాన్ హువాన్ ద్వీపపు ఎండిన పచ్చిక కొండలు బంగారు రంగులో ఎదురుగా నిలిచాయి. అప్పటికి పోటు మొదలై, కాటిల్ పాస్ గుండా మమ్మల్ని ఆ ద్వీపంలోని ఫ్రైడే హార్బర్ ఊరి వైపు లాక్కుపోయింది.

మూడవ రోజు

ఫ్రైడే హార్బర్‌లో బట్టలు ఉతకడం, మంచినీరు నింపుకోవడం, పెరుగూ కూరగాయలూ కొనుక్కోవడంతో రోజు గడిచింది. సాయంత్రం అక్కడి తిమింగిలాల మ్యూజియం చూశాము. ఈ నీటిలో తరతరాలుగా జే, కె, ఎల్ అనే మూడు కుటుంబాలుగా బతుకుతున్న ఓర్కాలు (కిల్లర్ వేల్స్) ఇప్పుడు 70 పైచిలుకు మాత్రమే మిగిలాయి. వాటి ముఖ్యాహారమైన చినూక్ సాల్మన్ తగ్గిపోవడం, పడవల ఇంజిన్ల రొద, నీటిలోని రసాయనాలు అందుకు కారణాలు. 2018లో జే35 అనే తల్లి ఓర్కా, పుట్టిన కొద్దిసేపటికే చనిపోయిన తన బిడ్డను 17 రోజులు తల మీద మోస్తూ ఈ నీటిలోనే తిరిగింది. మ్యూజియంలో ఆ తల్లి బొమ్మ ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను.

నాలుగవ రోజు, కృష్ణాష్టమి

శాన్ హువాన్ ద్వీపాన్ని ఉత్తరం నుంచి చుట్టి గారిసన్ బేలో లంగరు వేశాము. తెల్లని చెక్క కట్టడం ఒకటి, దాని వెనుక పెద్ద మేపుల్ చెట్లు: ఒకప్పటి ఇంగ్లిష్ సైనిక శిబిరం ఇది. 1859లో ఈ ద్వీపం ఎవరిదో తేలని రోజులలో, ఒక అమెరికన్ రైతు తన బంగాళాదుంపల మడిలో పడిన పందిని కాల్చి చంపాడు. ఆ పంది బ్రిటిష్ వారి హడ్సన్స్ బే కంపెనీది. ఆ తగవు పెరిగి పెరిగి రెండు దేశాల సైన్యాలూ దిగాయి, యుద్ధ నౌకలు వచ్చాయి. అయినా ఒక్క మనిషి మీద కూడా తుపాకి పేలలేదు. పన్నెండేళ్లకు పైగా ద్వీపం ఒక కొసన వాళ్లు, మరో కొసన వీళ్లు శిబిరాలు వేసుకుని ఇరుగుపొరుగుల్లా ఉన్నారు. చివరికి 1872లో జర్మనీ చక్రవర్తి మొదటి విల్‌హెల్మ్ మధ్యవర్తిగా ఉండి ద్వీపాలను అమెరికాకు ఇచ్చాడు. సైన్యాల కథలలో ఓపిక గెలిచిన కథ ఇంత శుభ్రంగా మరొకటి నాకు తెలియదు.

పండుగకు అటుకులు, బెల్లం, వెన్న నైవేద్యం పెట్టాను. మరుసటి రోజు సరిహద్దు దాటాలి కాబట్టి మిగిలిన పచ్చి కూరలన్నీ ఈ రాత్రికే కలగూరగా వండేశాను. పడవలో వంట గురించి అడిగేవాళ్లకు ఒక మాట: మా పొయ్యి రెండు ఇరుసుల మీద ఊయలలా వేలాడుతుంది, పడవ ఎటు ఒరిగినా గిన్నె సమంగా ఉంటుంది. మూత బిగిసే ప్రెషర్ కుక్కర్ కంటే అలల మీద నమ్మదగిన పాత్ర లేదు. చింతపండు పులిహోర రెండు రోజులు చెడకుండా ఉంటుంది, ఒక చేత్తో తినవచ్చు. రెండవ చెయ్యి ఎప్పుడూ దేన్నో ఒకదాన్ని పట్టుకుని ఉండాలి.

అయిదవ రోజు

హారో జలసంధి దాటుతుండగా నైరుతి వైపున పొడవాటి నల్లని రెక్కలు కనిపించాయి. 2025 నుంచి వాషింగ్టన్ రాష్ట్రపు నీటిలో ఆ మూడు కుటుంబాల ఓర్కాలకు పడవలు 1000 గజాల దూరం పాటించాలన్నది చట్టం. అవి సాల్మన్ తినే ఆ కుటుంబాలవో, సీళ్లను వేటాడే వేరే జాతివో అంత దూరం నుంచి మా కళ్లకు తేలదు కాబట్టి, ఆ కుటుంబాలవే అనుకుని దారి మళ్లించి, ఇంజిన్ ఆపి, తెరచాపల మీద మెల్లగా దూరంగా జరిగాము. బైనాక్యులర్లలో అయిదు రెక్కలు లెక్కపెట్టాను, అందులో ఒకటి చాలా చిన్నది. "ఏమండీ, పక్కన పిల్ల కూడా ఉంది" అన్నాను. ఆయన బైనాక్యులర్లు తీసుకుని చాలాసేపు చూసి, ఏమీ అనకుండా తిరిగి నా చేతికి ఇచ్చారు.

సౌత్ పెండర్ ద్వీపంలోని బెడ్‌వెల్ హార్బర్‌లో కెనడా కస్టమ్స్ వారి రేవుంది. కెప్టెన్ ఒక్కరే దిగాలి, మిగిలినవాళ్లు పడవలోనే ఉండాలి. మా కాగితాలలో కెప్టెన్ నేను. ప్రశ్నలు కొద్దిసేపే సాగాయి, అనుమతి సంఖ్య వచ్చింది. అమెరికా జెండా పక్కన మర్యాదగా కెనడా జెండా ఎగరేశాము. ఈ సరిహద్దుకు రెండు వైపులా ఉన్న నీటికి "సేలిష్ సముద్రం" అన్న ఒకే పేరును 2009లో అమెరికా, ఆ మరుసటి సంవత్సరం కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం అధికారికంగా స్వీకరించాయి. తీరం పొడుగునా వేల ఏళ్లుగా ఉన్న సేలిష్ ప్రజల పేరు అది.

ఆరవ రోజు, దశమి

ఈ రోజు గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

గల్ఫ్ ద్వీపాల నుంచి ఉత్తరంగా ననైమోకు పోయే లోపలి దారి డాడ్ నారోస్. రెండు రాతి ఒడ్డుల మధ్య వంద మీటర్లైనా లేని సందు. దాని గుండా పోటుకూ ఆటుకూ నీరు 8, 9 నాట్ల వేగం దాకా పరుగెత్తుతుంది (ఒక నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు). మా పడవ ఇంజిన్ పూర్తి బలంతో తిరిగినా 6 నాట్లకు మించి పోలేదు. అంటే, ఒక దిశ ప్రవాహం ఆగి రెండవ దిశకు తిరిగే ఆ కొద్ది నిమిషాలలోనే అక్కడ ఉండాలి. ఈ తీరంలో రోజుకు రెండు పోట్లూ రెండు ఆట్లూ వచ్చినా అవి ఒకదానికొకటి సమానం కావు. చంద్రుడు భూమధ్యరేఖకు ఉత్తరంగానో దక్షిణంగానో బాగా జరిగినప్పుడు ఒకటి మహా ఉధృతంగా, రెండవది నామమాత్రంగా ఉంటుంది. కోరంగిలో నేర్చిన లెక్క ఒక్కటే ఇక్కడ చాలదు, పట్టిక చూడవలసిందే. ఆనాటి పట్టిక ప్రకారం నీరు నిలిచే వేళ ఉదయం పదకొండున్నర ప్రాంతంలో.

పదకొండు కాకముందే మేము దక్షిణం వైపున ఉన్నాము. మా చుట్టూ మరో ఏడెనిమిది పడవలు మెల్లగా గుండ్రంగా తిరుగుతూ కాచుకుని ఉన్నాయి. అటు వైపు నుంచి దుంగల తెప్పను లాక్కుంటూ ఒక టగ్ వస్తున్నట్టు రేడియోలో హెచ్చరిక వినబడింది. అది దాటాక మా వరుస. సరిగ్గా అప్పుడు ఇంజిన్ వెనుక నుంచి వచ్చే నీటి చప్పుడు మారింది. నేను కిందికి చూసేసరికి వేడి సూది పైకి పోతోంది.

"ఏమండీ, ఇంజిన్ వేడెక్కుతోంది!"

"ఆపెయ్యి. పడవ తిప్పు, గాలి వెనక నుంచి ఉంది. ముందు తెరచాప విప్పుతున్నాను" అన్నారాయన. గొంతు పెంచలేదు. ఆయనతో కాపురంలోనూ కడలిలోనూ నాకు ధైర్యం ఇచ్చేది ఆ గొంతే.

చుక్కాని తిప్పాను. ఆ సందులోకి వెళ్లాక ఇది జరిగి ఉంటే అన్న ఆలోచన వచ్చింది గాని, దానికి చోటు ఇవ్వలేదు. చిన్న తెరచాప ఒక్కటే గాలి పట్టుకుంది. రెండు నాట్ల వేగంతో వెనక్కి, కొద్ది దూరంలో ఉన్న బోట్ హార్బర్ అనే చిన్న మలుపులోకి వెళ్లి లంగరు వదిలాము. గొలుసు గలగలా దిగి, లంగరు బురదలో పట్టుకుని, పడవ గాలికి ఎదురుగా తిరిగి నిలిచిన తరువాత గాని నా చేతులు వణకలేదు.

కారణం వెంటనే దొరికింది. సముద్రపు నీటిని లోపలికి పీల్చి ఇంజిన్ వేడిని తీసుకుపోయే గొట్టానికి ఒక జల్లెడ ఉంటుంది. దానిలో ఈల్‌గ్రాస్ అనే పొడవాటి సముద్రపు గడ్డి చుట్టలు చుట్టుకుని కుక్కుకుపోయింది. దానితో నీరు చాలక పంపులోని రబ్బరు చక్రం రెక్కలు రెండు విరిగాయి. జల్లెడ కడగడం పది నిమిషాల పని. విరిగిన రెక్కల ముక్కలు గొట్టాలలో మిగిలిపోతే మళ్లీ నీటిని ఆపుతాయి కాబట్టి, రెండు ముక్కలూ దొరికేదాకా మావారు గొట్టాలు ఒక్కొక్కటే విప్పి వెతికారు. దానికి గంటన్నర పట్టింది. కొత్త చక్రం మా దగ్గర ఉంది, ఆ చక్రం లేకుండా మేము ఎన్నడూ రేవు దాటలేదు. జల్లెడను ఉదయమే ఒకసారి విప్పి చూడవలసింది. అది నా పని, చూడలేదు. ఆ మాట ఆయనతో అన్నాను. "రేపటి నుంచి ఇద్దరం చూద్దాం" అన్నారు.

ఇంజిన్ మధ్యాహ్నానికే సిద్ధమైంది గాని, నీరు మళ్లీ నిలవడానికి దాదాపు ఆరు గంటలు పడుతుంది. మనం సిద్ధంగా ఉన్నంత మాత్రాన తెరుచుకునే తలుపు కాదది. అన్నం వండుకుని గోంగూర పచ్చడితో తిన్నాము. మావారు కాక్‌పిట్‌లో నిద్రపోయారు. నేను ఒడ్డు రాళ్ల మీద తడి గీత మెల్లగా కదలడం చూస్తూ కూర్చున్నాను. సియాటిల్‌లో మా ఇంట్లో ఆరు గంటలు ఖాళీగా మేమిద్దరం ఒకే చోట కూర్చున్న రోజు గత రెండేళ్లలో ఒక్కటీ గుర్తుకు రాలేదు. సాయంత్రం ఆయన లేచి, హనుమకొండలో తమ ఇంటి వెనుక బావి గురించి, దానిలో పడిన బొక్కెనలను గాలంతో తీసే తాత గురించి చెప్పారు. పాతికేళ్ల కాపురంలో ఆ కథ నేను మొదటిసారి విన్నాను.

నీరు నిలిచే వేళకు మళ్లీ నారోస్ ముందుకు వెళ్లాము. ఉదయం సుడులు తిరిగిన చోట నీరు నూనెలా నునుపుగా ఉంది. కెల్ప్ అనే సముద్రపు నాచు తీగలు ఎటూ వాలకుండా నిటారుగా తేలుతున్నాయి. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు, దాటిపోయాము. చీకటి పడే వేళకు ననైమోలో కట్లు వేశాము.

ఏడవ రోజు

జార్జియా జలసంధిలో వాయవ్యపు గాలి 25 నాట్లని వాతావరణ ప్రసారం చెప్పింది. మేము పోవలసింది కూడా వాయవ్యానికే. కదలలేదు. ఎదురుగా ఉన్న సైసుట్‌షన్ ద్వీపంలో నడిచి వచ్చాము.

ఎనిమిదవ రోజు

తెల్లవారుజామున హాలిబట్ బ్యాంక్‌లో గాలి కొలిచే తేలియంత్రం దగ్గర గాలి 9 నాట్లకు పడిపోయిందని విని వెంటనే బయలుదేరాము. జలసంధి మధ్యలో విస్కీ గోల్ఫ్ అని పిలిచే నౌకాదళపు టార్పెడో పరీక్షల ప్రాంతం ఉంది. పరీక్షలు జరుగుతున్న రోజులలో దానిలోకి పోరాదు. రేడియోలో అడిగి, ఆ రోజు పరీక్షలు జరుగుతున్నాయని తెలిసి, దాని తూర్పు అంచు వెంట చుట్టి పోయాము. పడవ ఒక పక్కకు ఒరిగి, రెండు తెరచాపలూ నిండుగా, ఇంజిన్ లేకుండా నాలుగు గంటలు. ఈ యాత్ర మొత్తంలో ఎడతెగక తెరచాపల మీదే సాగిన రోజు ఇదొక్కటే. వేసవిలో ఈ నీటిలో సగానికి సగం ప్రయాణం ఇంజిన్ మీదే జరుగుతుంది, తెరచాప పడవ కొనాలనుకునేవాళ్లకు ఇది ముందే చెప్పడం మంచిది. రాత్రికి పెండర్ హార్బర్.

తొమ్మిదవ రోజు

మలస్పీనా జలసంధి వెంట రోజంతా ప్రయాణం. పావెల్ రివర్ దగ్గర పాత కాంక్రీటు ఓడలను గొలుసులతో వరుసగా కట్టి అలలకు అడ్డుగోడగా నిలిపారు. యుద్ధకాలంలో ఉక్కు కొరత వల్ల కాంక్రీటుతో కట్టిన ఓడలు వాటిలో ఉన్నాయి. నీటిలో తేలే దుంగల కోసం ముందుకే చూస్తూ ఉండాలి. నిలువుగా మునిగి కొస మాత్రమే కనిపించే దుంగ పడవకు రాయితో సమానం. సాయంత్రానికి హైవే 101 ఉత్తర కొస అయిన లండ్ గ్రామం చేరాము. ఇక్కడి నుంచి ముందుకు పోవాలంటే నీరే దారి.

పదవ రోజు, పొలాల అమావాస్య

డెసొలేషన్ సౌండ్‌లో ప్రవేశిస్తుంటే కొండలు నీటిలోంచి నేరుగా ఆకాశానికి లేచినట్టుంటాయి. 1792లో జార్జ్ వాంకూవర్ ఈ చోటును చూసి దిగులుపడి దీనికి నిర్జనత అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. అప్పటికే తరతరాలుగా ఇది ట్లామిన్, క్లహూస్, హొమాల్కో ప్రజల చోటు. నిర్జనం ఎన్నడూ కాదు. 1973లో దీన్ని సముద్ర ఉద్యానవనంగా ప్రకటించారు.

ప్రిడో హేవెన్ అనే మూలలో లంగరు వేశాము. ఇక్కడ పడవలు ఎక్కువ, చోటు తక్కువ, ఒడ్డు పక్కనే లోతు. అందువల్ల లంగరు ముందు వేసి, పడవ వెనుక భాగాన్ని ఒడ్డు మీది చెట్టుకు తాడుతో కట్టాలి. మావారు పడవను వెనక్కి పట్టి ఉంచగా, నేను చిన్న పడవలో తెడ్డు వేసుకుంటూ, నీటి మీద తేలే పసుపు తాడు కొస పట్టుకుని ఒడ్డుకు వెళ్లాను. రాళ్లంతా ఆల్చిప్పలు, కత్తుల్లా ఉన్నాయి. ఒక దేవదారు మొదలు చుట్టూ తాడు తిప్పి, కట్టేయకుండా కొస తిరిగి పడవకే తెచ్చాను; పోయేటప్పుడు ఒడ్డుకు దిగకుండానే లాక్కోవచ్చు. అమావాస్య పోటుకు ఇక్కడ నీరు 4 మీటర్లకు పైగా ఎత్తు మారుతుంది. ఇప్పుడు కీల్ కింద ఎంత నీరుందో, అర్ధరాత్రి ఎంత మిగులుతుందో ఇద్దరం విడివిడిగా లెక్క కట్టి, జవాబులు సరిచూసుకున్నాము. రెండూ కలిశాయి.

నీరు గోరువెచ్చగా ఉంది. సియాటిల్ నీటిలో ఆగస్టులో కూడా కాలు పెడితే కొరుకుతుంది. అంతకంటే ఉత్తరాన ఉన్న ఈ చోట 20 డిగ్రీలు దాటుతుంది. వాంకూవర్ ద్వీపానికి దక్షిణం నుంచి వచ్చే పోటూ, ఉత్తరం నుంచి వచ్చే పోటూ ఈ ప్రాంతంలోనే ఎదురుపడతాయి. రెండు వైపుల నుంచీ తోపుడు ఉండడంతో నీరు అంతగా మారదు, పైపొర ఎండకు కాగుతూ ఉంటుంది. చీకటి పడేదాకా ఈదాము.

అమావాస్య పూజకు కంద మొక్క లేదు, అమ్మాయి మూడు వేల మైళ్ల దూరంలో చదువుకుంటోంది. పసుపు దారం ఒకటి పక్కన పెట్టి అమ్మాయి పేరు తలుచుకున్నాను. నూనె మూకుడు పొయ్యి మీద పెట్టగల నిశ్చలత ఈ పది రోజులలో ఇక్కడే దొరికింది కాబట్టి, పూర్ణం బూరెలు వేశాను. పక్క పడవలోని వృద్ధ దంపతులకు నాలుగు పంపితే, వాళ్లు ఉడికించిన డంజనెస్ పీతలు రెండు పంపారు.

చంద్రుడు లేని రాత్రి. మావారు పళ్లెం కడగడానికి నీటిలో ముంచి, "ఏమోయ్, ఇటు రా" అని పిలిచారు. ఆయన చేయి కదిలిన చోటల్లా నీరు నీలిపచ్చగా వెలిగింది. కదిలిస్తే వెలిగే సూక్ష్మజీవులు అవి. లంగరు గొలుసు నీటిలోకి దిగే చోట మెరుపు, వెనుక తాడు ఊగినప్పుడల్లా మెరుపు, కింద ఏదో చేప పోతే దాని వెంట ఒక గీత. కోరంగి రేవులో చిన్నప్పుడు రాత్రి వల లాగుతుంటే ఇలాగే నీరు వెలగడం చూశానని ఆయనతో అన్నాను. ఇద్దరం డెక్ మీద బోర్లా పడుకుని, చేతులు నీటిలోకి చాచి, చాలాసేపు కదిలిస్తూ ఉన్నాము. తరువాత ఆయన లోపలికి వెళ్లి, టార్చి వెలుగులో గోడకు తగిలించిన పట్టిక చూసి, తెల్లవారి నీరు తిరిగేది ఆరూ ఇరవైకి అని చెప్పారు.